మడి మారితే రాబడి మారుతుందా? వరి రైతు హక్కులు, నియమాలు: తరచూ అడిగే ప్రశ్నలు

నారు పోయకుండా నేరుగా విత్తే వరి, ఆరుతడి, ముంపును ఓర్చుకునే విత్తనం. వాతావరణానికి తగ్గట్టు సాగు మార్చుకోమంటున్నప్పుడు వరి రైతు చెవిన ఎక్కువగా పడే మాటలివే. వీటితో దిగుబడి ఎంత, చేతికొచ్చేదెంత, తేడా వస్తే ఎవరిని అడగాలి?

ఆరుతడి పెడితే దిగుబడి పడిపోదా?

పద్ధతి తప్పకపోతే పడిపోదు. రంధ్రాలున్న గొట్టాన్ని మడిలో పాతాలి. అందులో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి ఇవ్వాలి. పూత సమయంలో మాత్రం మడి ఆరనివ్వకూడదు. ఇలా చేస్తే నీరు 30 శాతం దాకా మిగులుతుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెబుతోంది. నీరు నిలవ ఉండదు కాబట్టి మీథేన్ వాయువూ తగ్గుతుంది. అయితే బస్తాలు పెరుగుతాయని లెక్క వేసుకోకండి.

నీరు మిగిలితే నాకు డబ్బు మిగులుతుందా?

డీజిల్ ఇంజిన్‌తో తోడేవారికి వెంటనే మిగులుతుంది. ఉచిత కరెంటు బోరు కింద బిల్లే లేదు కాబట్టి ఆదా రూపాయల్లో కనిపించదు. యాసంగిలో చివరి తడుల దాకా బోరు ఎండకుండా ఉండటమే అక్కడి లాభం. కాలువ కింద ఎగువ రైతు పొదుపు చేస్తే ఆ ఫలం ఆయకట్టు చివరి రైతుకు అందుతుంది.

ఇక నేరుగా విత్తే వరి సంగతి: నారుమడి, నాట్ల కూలి ఖర్చు తప్పుతుంది, వారం పది రోజులు ముందే కోతకు వస్తుంది. కలుపు చేయి దాటితే మాత్రం ఆ మిగులంతా కలుపు తీతకే పోతుంది.

ముంపును తట్టుకునే విత్తనం నిజంగా పనిచేస్తుందా?

మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ (ఎంటీయూ 7029) మనకు తెలిసిందే. ఒడిశా నాటు రకం నుంచి తీసిన ముంపు జన్యువును దానిలో చేర్చగా వచ్చినదే స్వర్ణ సబ్‌1. మన దేశంలో 2009లో విడుదలైంది, రెండు వారాల దాకా మునిగినా తేరుకుంటుంది. ఒడిశా పొలాల్లో జరిపిన అధ్యయనంలో పది రోజులు మునిగిన చోట పాత స్వర్ణ కంటే సుమారు 45 శాతం ఎక్కువ పండింది. వరద రాని చోట తేడా లేదు. ముంపు భయం తగ్గడంతో రైతులు ఎరువుకూ నాట్లకూ ధైర్యంగా పెట్టుబడి పెట్టారని తర్వాతి అధ్యయనం తేల్చింది.

ఆ విత్తనం దాచుకుని మళ్లీ వేయొచ్చా? పొరుగువారికి ఇవ్వొచ్చా?

రెండూ మీ హక్కే. 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల పరిరక్షణ చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్మవచ్చు. చట్టం కింద రక్షణ ఉన్న రకాన్ని ప్యాకెట్లో పోసి, లేబుల్ వేసి బ్రాండ్ విత్తనంగా అమ్మడం మాత్రం కుదరదు.

విత్తనం మొలవకపోతే, కల్తీ అయితే?

వెంటనే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, పంట చేలో ఉండగానే తనిఖీ కోరండి. ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, గడువు రెండేళ్లు. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో సుప్రీంకోర్టు 2012లో స్పష్టం చేసింది. పరీక్షకు కొంత విత్తనం దాచి ఉంచలేదన్న సాకు చెల్లదనీ చెప్పింది. బిల్లు, ఖాళీ సంచి, లాట్ నంబరున్న ట్యాగు పారేయకండి.

కొత్త పద్ధతిలో నష్టపోతే పంట బీమా వస్తుందా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. కేంద్ర పంట బీమా పథకమైన ఫసల్ బీమాలో దిగుబడి నష్టాన్ని గ్రామం లాంటి యూనిట్ సగటుతో లెక్కిస్తారు. మీ ఒక్క మడిలో కలుపు పెరిగి పంట పోతే పరిహారం రాదు. వడగళ్ల వంటి స్థానిక విపత్తులకు, కోసి పనల మీద ఉన్న పంటకు 14 రోజుల్లోపు తుపాను నష్టం జరిగితే విడిగా లెక్క ఉంటుంది. 72 గంటల్లో సమాచారం ఇవ్వాలి, నంబరు 14447. వరికి రైతు వాటా ప్రీమియం ఖరీఫ్‌లో 2 శాతానికి, రబీలో 1.5 శాతానికి మించదు. మీ ప్రాంతం, పంట ఆ సీజన్ నోటిఫికేషన్‌లో ఉండాలి.

నాది కౌలు సేద్యం. ఇవన్నీ నాకు వర్తిస్తాయా?

విత్తనం హక్కులు పండించేవారివి, పట్టా అక్కర్లేదు. రుణం, బీమా, సాయాలకు గుర్తింపు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం 11 నెలలు చెల్లుతుంది. యజమాని భూమి హక్కుకు దానివల్ల ముప్పు లేదు. ఇన్ని బస్తాలని ముందే ఖాయం చేసిన కౌలులో కొత్త పద్ధతి నష్టమంతా మీదే. మొదటి ఏడాది కౌలు తగ్గింపు గురించి విత్తే ముందే మాట్లాడుకోండి.

మీథేన్ తగ్గించిన వడ్లకు ఎక్కువ ధర ఇస్తారా?

మద్దతు ధరలో ఆ తేడా లేదు. 2025–26 ఖరీఫ్‌కు సాధారణ రకం క్వింటాలుకు రూ.2,369, ఏ గ్రేడు రూ.2,389. ఏ పద్ధతిలో పండించినా ఇంతే.

కార్బన్ క్రెడిట్ల కంపెనీ సంతకం అడుగుతోంది. పెట్టొచ్చా?

తెలుగు ప్రతి చేతికొచ్చాకే. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువు తగ్గిందని లెక్క. దానికి చట్టం కట్టిన ధర లేదు, డబ్బు తనిఖీలు ముగిశాకే. మీ వాటా ఎంత, ఎప్పటిలోగా, మధ్యలో మానేస్తే ఏమిటి, కౌలుదారుకు ఎంత అన్నవి కాగితం మీద ఉండాలి. ఒకే మడిని రెండు కంపెనీలకు రాసివ్వకండి. భూమి హక్కు గురించి ఒక్క వాక్యం కనిపించినా సంతకం ఆపి, న్యాయవాదికి చూపించండి.

మొదటి ఏడాది ఎంత భూమిలో వేయాలి?

నష్టపోయినా తట్టుకోగలిగినంత. చాలామందికి అది ఒక ఎకరం. పక్క ఎకరంలో అదే రకం పాత పద్ధతిలో వేసి దమ్ము, కూలి, మందు, తడులు, బస్తాలు రెండింటికీ నోటుబుక్కులో విడివిడిగా రాయండి. వచ్చే ఏడాది కౌలు మాట్లాడేటప్పుడూ, వినియోగదారుల కమిషన్ ముందు నష్టం చూపించేటప్పుడూ ఆ నోటుబుక్కే మీ తరఫున మాట్లాడుతుంది.