గుమాస్తా గుండెపై బరువు

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి దిగు కార్తీక, మార్గశిర మాసములలో మండీ గుమాస్తాలకు భోజనవేళ అనునది ఉండదు. ఎమ్మిగనూరు బ్యాంకుల సిబ్బందికి మార్చి నెల అట్టిదే. ఈ రెండు ఊళ్ళ నుండి నావద్దకు వచ్చు ఉద్యోగులలో పలువురు నిద్ర లేదనియు, ఛాతీలో గ్యాస్ పట్టినదనియు చెప్పుదురు. పని ఎంత అని కాక, ఆ పనిలో మీ మాట ఎంత చెల్లును అని నేను అడుగుదును.

కారణము కలదు. లండనులో 1967లో ప్రారంభమైన వైట్‌హాల్ అధ్యయనము ప్రభుత్వోద్యోగులను పరిశీలించినది. పై అధికారులకే గుండెజబ్బు అధికమని లోకము తలచుచుండెను. తేలినది వేరు. అట్టడుగు శ్రేణివారిలో హృద్రోగ మరణములు పై శ్రేణికంటె సుమారు మూడు రెట్లు! పొగత్రాగుట, రక్తపోటు వంటివి లెక్కించినను ఆ తేడా పూర్తిగా తీరలేదు. ఐరోపాలో సుమారు 2 లక్షల మందిని పరిశీలించి 2012లో ప్రకటించిన ఫలితములలో, పని ఒత్తిడి హెచ్చుగను స్వాతంత్ర్యము తక్కువగను గల ఉద్యోగులకు ప్రమాదము 23 శాతము అధికము. పొగాకు చేయు కీడుతో పోల్చిన ఇది స్వల్పమే. బీడీ మానక మేనేజరును మాత్రమే నిందించుట తగదు.

హృదయమును, ఓజస్సును కాపాడుకొనగోరువాడు మనోదుఃఖ కారణములను విశేషముగా విడువవలెనని చరకసంహిత సూత్రస్థానము 30వ అధ్యాయము చెప్పుచున్నది. ఉద్యోగమును విడువలేము గదా! మూత్రము బిగబట్టి కౌంటరులో కూర్చొనుట, ఆకలిని టీతో చంపుట మాత్రము విడువవచ్చును. ఈ వేగధారణము 7వ అధ్యాయమున నిషిద్ధము. ఉదయము తిన్న ఉగ్గాని బజ్జీతో సాయంత్రము వరకు నెట్టుకొనిరాక, మధ్యాహ్నము వేళకు జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తినవలెను. ఊరగాయ తగ్గించవలెను. రోజూ అరగంట నడవవలెను.

తెల్లమద్ది బెరడుతో కాచిన పాలకషాయము చక్రదత్తమున కలదు. వైద్యుని సలహాపై సేవించవచ్చును గాని, రక్తపోటు మాత్రలు మాని దీనిని పట్టుకొనరాదు.

ఒక్క విషయమున నేను కఠినుడను. ఛాతీ బిగించి, చెమటలు పట్టి, నొప్పి ఎడమచేతికో దవడకో పాకినపుడు గ్యాస్ అనుకొని వాము నమలుచు, సోడా త్రాగుచు కాలము గడపరాదు. అట్టివారు నా గుమ్మము త్రొక్కనే వద్దు. ఆదోని నుండి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. కావున వెంటనే 108కు ఫోను చేసి, ముందుగా దగ్గరి ఆసుపత్రిలోనే ఇ.సి.జి. తీయించుకొనవలెను. స్కూటరు తామే నడుపుకొని పోరాదు.