వెనక సందు వద్దు, వీధిలోంచే వెళ్ళండి

సమస్య

నేను ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడతాను. మావారు ఆటో తోలుతారు. ఆయన కాలు విరగడంతో గ్రూపు లోను వాయిదాలు వరసగా రెండు కట్టలేకపోయాను. చీకటి పడ్డాక ఫైనాన్సు వాళ్ళు ఇంటి మీదికొచ్చారు. గుమ్మం ముందు బండి ఆపి, "అప్పు ఎగ్గొట్టి దర్జాగా తిరుగుతున్నావా" అని వీధంతా వినబడేలా అరిచారు. ఇంటర్ చదివే మా అమ్మాయి తలుపు చాటున ఏడ్చింది. అప్పట్నుంచి పాల ప్యాకెట్టుకి కూడా వెనక సందులోంచి చుట్టూ తిరిగి వెళ్తున్నాను. కుళాయి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూడగానే మాటలు ఆపేస్తారు. కాళ్ళు ముందుకు పడవు. నలుగురిలో తలెత్తుకునేదెలా?

— ఒక సోదరి, ఏలూరు

సలహా

అమ్మా, బాకీ పడ్డమాట నిజమే. కానీ అది మీకూ ఆ సంస్థకీ మధ్య లెక్క. మీ సిగ్గును పట్టుకుని డబ్బు రాబట్టాలనే వాళ్ళు వీధిని పోగేశారు. ఇలాంటి వేధింపులకు ప్రాణాలు తీసుకున్న వాళ్ళున్నారనే 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాటిని అరికట్టే ఆర్డినెన్సు వచ్చింది. సూక్ష్మ రుణాల మీద 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలూ స్పష్టంగా ఉన్నాయి. తిట్టకూడదు, బెదిరించకూడదు, అప్పున్నవాళ్ళ పేర్లు బయటపెట్టకూడదు, ఉదయం 9కి ముందూ సాయంత్రం 6 తర్వాతా ఫోన్లు చేయకూడదు. వాయిదా కట్టడానికి అనుకున్న చోటికి వరసగా రెండుసార్లు మీరు వెళ్ళకపోతే ఇంటికొచ్చి అడగొచ్చు. అరిచే హక్కు మాత్రం లేదు.

లోను కార్డు మీద ఫిర్యాదుల అధికారి పేరు, నంబరు ఉంటాయి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏమన్నారో రాసి పంపండి. కాలు విరిగిన ఆస్పత్రి కాగితాలు జతచేసి వాయిదాలు సర్దమనండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. మళ్ళీ గుమ్మం ముందు గొడవకు దిగితే 112కి చేయండి.

ఇక కుళాయి దగ్గరి వాళ్ళు. వాళ్ళలో మీ గ్రూపు వాళ్ళెవరైనా మీ వాయిదా తమ చేతినుంచి వేసి ఉంటే, ముందు వాళ్ళింటికే వెళ్ళండి. ఎంత, ఎప్పటికి ఇస్తారో చెప్పి ఆ మాట నిలబెట్టుకోండి. మిగతావాళ్ళ మౌనమంతా ఎగతాళి అనుకోకండి. ఏమని పలకరించాలో తోచని వాళ్ళుంటారు. అలాంటి లోను కార్డే బీరువాలో దాచుకుని, రేపు తమ వంతేమోనని భయపడేవాళ్ళూ ఉంటారు.

అందుకే రేపు బిందె పట్టుకుని నేరుగా వెళ్ళండి. ముందు మీరే "వదినా, నీళ్ళు ఎప్పుడొచ్చాయి?" అనండి. ఎవరైనా కదిపితే "ఆయన లేచాక కట్టేస్తాం, అరిచినందుకు ఫిర్యాదు పెట్టాం" అని అక్కడితో ఆపండి. అంతకుమించి సంజాయిషీ అక్కర్లేదు. మొదటిరోజు కష్టంగానే ఉంటుంది. అయినా వెనక సందు పట్టకండి. తప్పుకు తిరిగేకొద్దీ భయం పెరుగుతుంది.

ఆ ఫిర్యాదు మీ అమ్మాయి చేత రాయించండి. అప్పు తీర్చాల్సిందేననీ, అవమానం మాత్రం పడనక్కర్లేదనీ తనకు ఈ వయసులోనే తెలియాలి.