పళ్ళ వరుసకూ ఒక లెడ్జర్

బదిలీ మీద బిలాస్‌పూర్ వచ్చిన మొదటి వారం. తెలిపారా బజారు బ్రాంచిలో కౌంటర్ ముందు నిలబడ్డ ఒక పెద్దావిడ నా పేరు బోర్డు చూసి, "మీది ఏ ఊరమ్మా?" అని తెలుగులో అడిగారు. చుట్టూ హిందీ, ఛత్తీస్‌గఢీ తప్ప వినబడని చోట ఆ మాట చెవిన పడేసరికి నవ్వేశాను. వెంటనే అలవాటు ప్రకారం చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉద్యోగాలకని ఇక్కడికి వచ్చి స్థిరపడిన కుటుంబం ఆవిడది. మొహమాటం లేని మనిషి. "నవ్వితే నోరు మూసుకుంటావేటమ్మా?" అన్నారు.

అప్పటికి నాకు 41 ఏళ్ళు. పై ముందు పళ్ళు చిన్నప్పటి నుంచీ ఒకదాని మీదొకటి ఎక్కి ఉండేవి. ఆ మాటతో కదిలి, ఆ ఆదివారమే పళ్ళ క్లిప్పుల గురించి వాకబు మొదలుపెట్టాను. ఈ వయసులో తీగలెందుకు, కనబడని ప్లాస్టిక్ తొడుగులు వచ్చాయిగా అన్నారు తోటి ఉద్యోగులు. వాటినే క్లియర్ అలైనర్లు అంటారు.

మొదట వెళ్ళిన చోట అరగంటలో పని తేల్చేశారు. నోటి ఫొటోలు, స్కానింగ్, కంప్యూటర్ తెర మీద నా కాబోయే నవ్వు, చేతిలో ఈఎంఐ ఫారం. ఎక్స్‌రే మాటే లేదు. రోజూ ఈఎంఐలు మంజూరు చేసే నాకే ఒక సందేహం వచ్చింది: తనఖా ఆస్తిని చూడకుండా అప్పిచ్చే బ్యాంకు ఉంటుందా?

రెండో చోట ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసిన డాక్టరు గారు ముందు ఓపీజీ తీయించారు. పై, కింది దవడలు రెండూ ఒకే చిత్రంలో కనిపించే ఎక్స్‌రే అది. తర్వాత సన్నని కొలబద్దతో చిగుళ్ళ లోతు చూశారు. కింది ముందు పళ్ళ మధ్య రెండేళ్ళుగా సందు ఏర్పడుతోందని నేను గమనించాను గానీ, వయసు వల్ల అనుకున్నాను. అది చిగుళ్ళ జబ్బు. పంటిని పట్టి ఉంచే ఎముక కొంత తరిగిపోయింది. "ఈ స్థితిలో పళ్ళను నెడితే వరుస కుదురుతుందేమో గానీ పళ్ళు మిగలవు" అన్నారు. నాలుగు నెలలు చిగుళ్ళ వైద్యమే జరిగింది. చెప్పాలంటే ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఎక్స్‌రేనే.

ఎందుకంత జాగ్రత్త అంటే, పన్ను ఎముకలో మేకులా దిగగొట్టినది కాదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఉంటుంది. ఒక పక్క నుంచి మెల్లగా, ఆగకుండా ఒత్తిడి పెడితే, పన్ను వెళ్ళే వైపు ఎముక కరుగుతుంది, విడిచిన వైపు కొత్త ఎముక పడుతుంది. పన్ను నడిచేది ఆ విధంగానే. పిల్లల్లోనూ పెద్దల్లోనూ పద్ధతి ఒకటే. పిల్లలకు దవడ ఇంకా ఎదుగుతుంది, మనకు ఎదగదు, అంతే తేడా. చిగురు వాచి ఉంటే కరగడమే తప్ప కట్టడం జరగదు.

అలైనర్ల వరుసలో ఒక్కో ట్రే పంటిని సుమారు పావు మిల్లీమీటరు జరుపుతుంది. 1997లో అమెరికాలో జియా చిష్టీ, కెల్సీ వర్త్ అనే స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు ఈ ఆలోచనతో అలైన్ టెక్నాలజీ కంపెనీ పెట్టారు. చిష్టీ తాను పెద్దయ్యాక క్లిప్పులు వేయించుకున్నవాడే. వారి ఇన్విజలైన్‌కు 1998లో అక్కడి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

నాకు 22 ట్రేలు, ఒక్కోటి రెండు వారాలు. కొన్ని పళ్ళ మీద పంటి రంగులోనే చిన్న బొడిపెలు అంటించారు, ట్రేకు పట్టు దొరకాలిగా. రెండు పళ్ళ మధ్య సన్నగా రాసి కొంచెం చోటు చేశారు. రోజుకు 22 గంటలు పెట్టుకోవాలి. తినేటప్పుడూ, మంచినీళ్ళు తప్ప ఏది తాగేటప్పుడూ తీయాలి. మళ్ళీ పెట్టే ముందు బ్రష్ చేయాలి. వేడినీళ్ళతో కడిగితే ట్రే వంగిపోతుంది. బ్యాంకులో రోజుకు ఆరు టీలు తాగే మనిషికి అసలు పరీక్ష ఇదే.

డాక్టరు గారు ఒక నోటు పుస్తకం పెట్టమన్నారు. ట్రే నంబరు, మొదలుపెట్టిన తేదీ, రోజూ ఎన్ని గంటలు, నొప్పి ఎక్కడ. ప్రతి ఆదివారం ఒకే కిటికీ ముందు, ఒకే దూరంలో మూడు ఫొటోలు: ఎదురుగా, కుడి, ఎడమ. రోజూ అద్దంలో చూస్తే మార్పు తెలియదు, పన్నెండు వారాల ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, పంటి అంచుకూ ట్రేకూ మధ్య ఖాళీ. ట్రే మార్చిన కొత్తలో కొంచెం ఉండవచ్చు. గడువు ముగిసే నాటికీ ఉంటే, ట్రే ముందుకు వెళ్ళింది, పన్ను వెనక ఉండిపోయింది అని అర్థం. అప్పుడు తర్వాతి ట్రేకు పోకూడదు.

మార్చి క్లోజింగ్ వచ్చింది. అప్పుడు నాది పదో ట్రే. టీకి తీసిన ట్రే డబ్బాలో, డబ్బా సొరుగులో, నేను ఫైళ్ళలో. పుస్తకంలో మాత్రం చేయి తిరిగిన గుమాస్తాలా రోజూ 22 అని రాశాను. పై ఎడమ రెండో పన్ను దగ్గర ఖాళీ కనబడుతున్నా పదకొండో ట్రే ఎక్కించాను. ఏప్రిల్‌లో డాక్టరు గారు ట్రే అంచు నొక్కి చూసి, పుస్తకం మూసేసి, "మీ పద్దులో 22 ఉంది, మేడమ్. పన్ను 14 అంటోంది" అన్నారు. రెండు ట్రేలు వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. ముందు నుంచి రెండో పన్నును కిందికి దించడం, గుండ్రని కోరపన్నును తిప్పడం ఈ పద్ధతిలో కష్టమైన పనులట, అలాంటి చోట గంటలు తగ్గితే ఇంకా కష్టం.

మే నెలలో కోర్బా - విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లో పులిహోర తినేటప్పుడు ట్రేను కాగితంలో చుట్టి పక్కన పెట్టాను. తిన్నాక ఆ కాగితం విస్తరితో పాటు బయటికి పోయింది. అప్పటి నుంచి డబ్బా మెడలో వేసుకోవడం ఒక్కటే తక్కువ. అదృష్టం కొద్దీ పాత ట్రే పారేయలేదు. డాక్టరు గారికి ఫోన్ చేస్తే కొత్తది వచ్చేదాకా దాన్నే పెట్టుకోమన్నారు. ఇంతకుముందు వాడిన ట్రేనైనా కడిగి దాచుకోవడం మంచిది.

22 ట్రేలూ అయ్యాక ఆ రెండో పన్ను ఇంకా కొంచెం పైనే ఉంది. మళ్ళీ స్కాన్ చేసి మరో తొమ్మిది ఇచ్చారు. మోసపోయానేమో అనుకున్నాను గానీ, ఇది మామూలేనట. కంప్యూటర్‌లో చూపించిన కదలికలో నోట్లో నిజంగా జరిగింది సగటున 41 శాతమని 2009లో, 50 శాతమని 2020లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. అందుకే డబ్బు కట్టే ముందు, ఈ అదనపు ట్రేలు ఆ మొత్తంలోనే ఉన్నాయా అని కాగితం మీద రాయించుకోండి. నాకు మొత్తం మీద ఒక కొత్త స్కూటర్ ఖరీదయింది. అందం కోసం చేయించుకునే పంటి వైద్యానికి మెడికల్ ఇన్సూరెన్స్ సాధారణంగా వర్తించదు. చిగుళ్ళ వైద్యం బిల్లులు విడిగా తీసుకుని, మన పాలసీ నిబంధనలు చదివి చూడండి.

డాక్టరును కలవకుండా ఇంటికే తెప్పించుకునే ట్రేల జోలికి పోకండి. ఆ వ్యాపారంలో పేరు పొందిన అమెరికా కంపెనీ స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో మూతపడింది. వైద్యం మధ్యలో ఉన్నవాళ్ళు మధ్యలోనే మిగిలారు. షుగరు అదుపులో లేనివారు, ఎముకల బలానికి మందులు వాడేవారు, గుట్కా, పొగ అలవాటున్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇప్పుడు రాత్రిళ్ళు రిటైనర్ పెట్టుకుని పడుకుంటున్నాను. ఎన్నాళ్ళు అంటే, పళ్ళున్నన్నాళ్ళు. మానేస్తే మెల్లగా పాత చోటికే పోతాయి. మొన్న నవంబరులో ఆ పెద్దావిడ పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం వచ్చారు. నా మొహంలోకి కాసేపు చూసి, "ఏదీ, ఓసారి నవ్వమ్మా" అన్నారు.