కూడాల్నా, ఇంటూ చేయాల్నా? ముందు బొమ్మ గీయనివ్వండి

"మా, ఇది కూడాల్నా, ఇంటూ చేయాల్నా?" మూడో తరగతో నాలుగో తరగతో చదివే పిల్లలున్న ఇంట్లో సాయంత్రం హోంవర్క్ దగ్గర తప్పకుండా వినబడే ప్రశ్న ఇది. మనం పొయ్యి దగ్గర ఉంటాం. పుస్తకంలోకి ఒకసారి తొంగిచూసి "ఇంటూ" అనేస్తాం. జవాబు సరిగ్గానే వస్తుంది, టీచరు టిక్కు పెడతారు. కానీ ఆ లెక్కను చదివింది మనం, పిల్ల చదవలేదు. పరీక్ష రోజు మనం పక్కన ఉండం.

ఈ తడబాటు ఎక్కాలు రాకపోవడం వల్ల కాదు. ఏడు ఎనిమిదులు ఎంతంటే టక్కున యాభై ఆరు అనే పిల్లలు కూడా కథలా రాసిచ్చిన లెక్క దగ్గర ఆగిపోతారు. ఎక్కాలు కావాలి, వాటిని మానిపించకండి. అయితే ఎక్కడ ఏ ఎక్కం వాడాలో తెలియాలంటే లెక్కలోని సంగతి కళ్ళకు కట్టాలి. అందుకు బొమ్మను మించిన సాయం నాకు కనబడలేదు.

ఈ లెక్క చూడండి. రంగన్నకు 24 మేకలున్నాయి. అవి ఓబులేసు మేకలకు మూడు రెట్లు. ఓబులేసుకు ఎన్ని మేకలు? "రెట్లు అంటే ఇంటూ" అని బట్టీపట్టిన పిల్లవాడు క్షణం ఆగకుండా 72 అని రాస్తాడు. తప్పు అని కొట్టేయకండి. పెన్సిల్ వాడి చేతిలోనే ఉంచి, "ఎవరికి తక్కువ మేకలున్నాయి? ముందు వాళ్ళవి గీయి నాయనా" అనండి. లెక్క మళ్ళీ చదువుతాడు. ఈసారి నిజంగా చదువుతాడు. ఓబులేసు పేరు రాసి పక్కన ఒక పెట్టె గీస్తాడు. కింద రంగన్న పేరు, దాని పక్కన అంతంత పెట్టెలే మూడు, ఒకదానికొకటి ఆనించి. ఆ మూడింటికీ కలిపి పైన 24 అని రాయమనండి. ఒక్క పెట్టెకు ఎనిమిదని వాడే చెబుతాడు. అక్కడితో ఆపక, "ఇద్దరి మేకలూ కలిపి తోలుకుపోతే?" అని అడగండి. నాలుగు పెట్టెలు, నాలుగు ఎనిమిదులు ముప్ఫైరెండు. ఒకే బొమ్మలో భాగహారం, కూడిక, గుణకారం మూడూ ఉన్నాయి. ఏది ఎప్పుడు చేయాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

నేను ఈ పద్ధతిని ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మాలాంటి కరువు జిల్లాలో చిన్నప్పుడే బడి మానేసి కూలికి పోయిన అమ్మానాన్నలు ఎందరో. వానలు లేని ఏడాది పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలి బెంగళూరు పనులకు వెళ్ళేవాళ్ళూ ఎందరో. హోంవర్క్ అనగానే "మాకేం తెలుసు" అని వాళ్ళు తప్పుకుంటారు. కానీ అంకెలు చదవలేని అవ్వ కూడా ఆ పెట్టెలు చూసి, "ఇవి ఎవురివి? ఈ పెట్టె పెద్దగా గీసినావు, ఇందులో మేకలు ఎక్కువా?" అని అడగగలదు. పిల్ల చెప్పుకుంటూ పోతుంది, చెబుతూ చెబుతూ తన తప్పు తనే పట్టుకుంటుంది. ఆ వయసు పిల్లకు ఇంట్లోవాళ్ళు అంతకంటే చేయాల్సింది ఏమీ లేదు.

ఇంకా చిన్న పిల్లలైతే పెట్టెల జోలికి పోకండి. చాటలో శెనక్కాయ గింజలు పోసి, వరసకు ఎనిమిది చొప్పున ఆరు వరసలు పేర్చమనండి. ఆరు వరసల చీనీ (బత్తాయి) తోట అనుకోండి. తర్వాత దాన్నే కాగితం మీద చుక్కలుగా పెట్టించండి. చుక్కల ముగ్గు పెట్టే ఇళ్ళలో వరసలు తప్పకుండా పెట్టడం పిల్లలకు ముందే వచ్చి ఉంటుంది. ఆరు ఎనిమిదులు మరిచిపోయిందా? ఐదో వరస కింద అడ్డంగా ఒక గీత గీయమనండి. పైన ఐదు ఎనిమిదులు నలభై, కింద ఒక ఎనిమిది. నలభై ఎనిమిది. కాగితం పక్కకు తిప్పి చూస్తే అవే చుక్కలు ఎనిమిది ఆర్లు.

మొదట్లో మేకంటే మేకనే గీస్తారు, కొమ్ములు, గడ్డం, తోకతో సహా. గీయనివ్వండి. మూడో మేక దగ్గరికొచ్చేసరికి వాళ్ళకే విసుగొచ్చి సున్నాలు చుడతారు. సున్నాలు మరీ ఎక్కువైతే ఒక పెట్టె గీసి లోపల అంకె వేస్తారు. వస్తువు నుంచి బొమ్మకు, బొమ్మ నుంచి అంకెకు ఈ దారినే నడిపించమని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా పునాది తరగతుల గురించి చెబుతోంది. సింగపూర్ వాళ్ళు 1980లలోనే ఈ పెట్టెల బొమ్మలను ప్రాథమిక బడుల్లోకి తెచ్చారు.

బొమ్మ వంకర పోయిందని చెరిపి మీరు గీయకండి, స్కేలు పెట్టమని పట్టుపట్టకండి. బొమ్మ లేకుండానే లెక్క చేసేస్తుంటే గీయమని బలవంతమూ వద్దు.

నాలుగో తరగతి దాటుతున్నవాళ్ళకు మన నేల ఇచ్చే లెక్క ఒకటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే చోట చీనీ చెట్టుకు నీళ్ళు కొలిచి ఇవ్వాల్సిందే. ఆరు వరసలు, వరసకు ఎనిమిది చెట్లు, చెట్టుకు రెండు డ్రిప్పర్లు, ఒక్కో డ్రిప్పరు గంటకు నాలుగు లీటర్లు. గంటకు మొత్తం ఎన్ని లీటర్లు? నాలుగు అంకెలు ఒక్కసారి చూసి పిల్లలు బెదురుతారు. తోటంతా గీయొద్దు, ఒక్క చెట్టు గీయమనండి. చెట్టు మొదలు దగ్గర డ్రిప్పర్లకు రెండు చుక్కలు, ఒక్కో చుక్క పక్కన 4. చెట్టుకు 8 లీటర్లు. ఇక వరసకు ఒక పొడుగు పెట్టె, లోపల 64. అలాంటివి ఆరు, ఒకదాని కింద ఒకటి. 64ను ఆరుతో ఇంటూ చేయడం కష్టమైతే పెట్టెలన్నిటినీ నిలువుగా చీల్చి ఒకవైపు 60, ఒకవైపు 4 రాయమనండి. అటు 360, ఇటు 24. గంటకు 384 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకు ఎంతసేపు వస్తుందో కూడా ఆ బొమ్మనే చూసి చెప్పమనండి. రెండు గంటలు దాటి, మూడు గంటల లోపే అని చెబితే చాలు, కచ్చితమైన లెక్క పై తరగతుల్లో చేసుకుంటారు.