తప్పిపోయిన బాలుడి కథ చెప్పే ముందు



వచ్చే ఆదివారం సండే స్కూల్లో, పన్నెండేళ్ల యేసు పస్కా తర్వాత యెరూషలేము దేవాలయంలోనే ఉండిపోయిన కథ చెప్పబోతున్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "తిరుగు దారిలో రోజంతా నడిచేదాకా కన్నవాళ్లు బిడ్డను చూసుకోలేదా?" అని పిల్లలు అడిగి తీరతారు. మరియ, యోసేపులది అశ్రద్ధ అని మాత్రం అనకమ్మా. ఆ ప్రయాణం ఎలా సాగేదో ముందు చెప్పు.

పస్కా, వారాల పండుగ, పర్ణశాలల పండుగ - ఏటా ఈ మూడింటికీ మగవాళ్లు దేవుని సన్నిధికి రావాలని యూదుల ధర్మశాస్త్రం. అయినా ఇంటిల్లిపాదీ కదిలేవారు. యెరూషలేములో ఆలయం కట్టకముందే ఎల్కానా తన భార్య హన్నానూ పిల్లలనూ వెంటబెట్టుకుని ఏటేటా ఆరాధనకు షిలోహుకు వెళ్లేవాడు.

నజరేతు నుంచి యెరూషలేముకు వంద కిలోమీటర్ల పైమాటే. కాలినడకన కొన్ని రోజుల దారి. సమరయ మీదుగా పోతే అక్కడివాళ్లతో తగాదాల భయం. యొర్దాను లోయ వెంట పోతే చివర్లో యెరికో నుంచి దాదాపు వెయ్యి మీటర్ల ఎక్కుడు, పైగా దొంగల బెడద. అందుకే చుట్టాలు, ఊరివాళ్లు కలిసి నడిచేవారు.

పస్కాకు నెల ముందు, యూదుల అదారు నెల 15న, దారులు బాగుచేసేవారని యూదు గురువుల బోధల సంకలనమైన మిష్నా చెబుతుంది. పంటలో ప్రథమఫలాలు ఆలయానికి తీసుకెళ్లేవాళ్లు ముందురోజే ఒక ఊళ్లో చేరి, రాత్రి వీధిలోనే పడుకుని, తెల్లవారుతూనే పిల్లనగ్రోవి ముందు సాగగా బయల్దేరేవారు. దగ్గరివాళ్లు పచ్చి అంజూరాలు, ద్రాక్షలు తెస్తే, దూరంవాళ్లు ఎండువి తెచ్చేవారు. ఏ వయసు పిల్లవాడికి పండుగ యాత్ర విధి అన్నదీ యూదు గురువులు చర్చించారు. తండ్రి భుజమెక్కి కూర్చోగలిగితే చాలన్నారు షమ్మయి శిష్యులు. తండ్రి చెయ్యి పట్టుకుని ఆలయపు కొండ ఎక్కగలగాలన్నారు హిల్లేల్ శిష్యులు.

అలాంటి గుంపులో బిడ్డ ఏ పిన్ని దగ్గరో, ఏ బాబాయి దగ్గరో ఉంటాడనుకోవడం సహజం. సువార్తలో లూకా రాసిందీ అదే: బంధువుల్లో, తెలిసినవాళ్లలో వెతికారు. దొరక్కపోయేసరికి యెరూషలేముకు తిరిగి వెళ్లారు. మూడు రోజుల తర్వాత కనిపించాడు.

కాబట్టి పిల్లలకు రెండూ చెప్పు. బిడ్డను కనిపెట్టి ఉండడం నలుగురి పని. కనబడకపోతే వెనక్కి పరుగెత్తాల్సింది కన్నవాళ్లే. ఇది యూదుల ఇళ్లలో జరిగిన మాట గనుక వాళ్ల ఆచారాన్ని గౌరవంగా చెప్పు. బోర్డు మీద ముందు నజరేతు నుంచి యెరూషలేముకు దారి గీయి. నీతి ఆ తర్వాత చెప్పమ్మా.

ఇట్లు,
నీ మేనమామ