సంఖ్యల సరదాకు ఒక లెడ్జరు

బెంగళూరులో చదువుకుంటున్న మన విద్యార్థుల్లో సంఖ్యలతో ఆడుకునేవారు కొందరున్నారు. దొరికిన ఫలితాలన్నీ నోటు పుస్తకం వెనుక పేజీల్లోనే ఉండిపోతాయి. వాటిని ఏఐ అసిస్టెంట్‌కు ఇచ్చి పద్దులుగా వేయించుకోవచ్చును. అయితే గడులు మాత్రం మనమే గీయాలి. ఫలితం ఏమిటి, ఎంతవరకు సరిచూశాము, నిరూపణ ఉందా, ఇంతకుముందు ఎవరైనా చెప్పారా అనే నాలుగు గడులు చాలును.

152207ను 73తో గుణిస్తే 11111111 వస్తుంది. ఇది కొత్తదేమీ కాదు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, ఈ కన్నడ దేశంలోనే, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో చూపినదే. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. (మన పిల్లల్లో ఎందరికి ఆయన పేరు తెలుసు?) 11, 73, 101, 137ల లబ్ధం 11111111. అందులో 73ను పక్కన పెడితే మిగిలిన మూడింటి లబ్ధమే 152207. కారణం తెలిసింది కనుక మూడో గడిలో టిక్ పెట్టవచ్చును.

రెండో గడినీ మూడో గడినీ కలపకూడదు. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యనూ, 41నీ కలపండి. 0 నుంచి 39 వరకు ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 దగ్గర 1681 వస్తుంది, అది 41 వర్గం. నలభై సార్లు సరిపోయింది గనుక ఎప్పుడూ నిజమేనని అసిస్టెంట్ రాస్తే ఒప్పుకోకండి. పెద్ద గుణకారాల్లోనూ అది పొరపడగలదు, అదీ ఎంతో ధీమాగా. ఒకరు లెక్కపెట్టిన నోట్ల కట్టను బ్యాంకులో ఇంకొకరు లెక్కపెట్టినట్టే ప్రతి పద్దునూ కాగితంపై వేసి చూడండి. అది ఏదైనా పుస్తకం పేరు చెబితే, లైబ్రరీలో ఆ పుస్తకం తెరిచి చూశాకే నాలుగో గడి నింపండి.