ఇరానీ హోటల్లో ఒక భాషాపాఠం

"పొరుగింటి పుల్లకూర రుచి" అని మన పెద్దలు హాస్యానికి అన్నారు. ఆ హాస్యంలో ఒక సత్యం కూడా ఉన్నది. మానవుడు ఏనాడూ తన ఇంటి వంటతోనే తృప్తిపడి కూర్చోలేదు. పొరుగువాని వంటను రుచి చూశాడు. నచ్చిన వంటతో పాటు దాని పేరును కూడా ఇంటికి తెచ్చుకున్నాడు. భాషలు పెరిగిన మార్గాలలో ఇది ఒకటి. తెలుగు, ఉర్దూ విభాగాలు రెండూ ఉన్న మన కళాశాల విద్యార్థులకు ఈ విషయం తెలుసుకోవడానికి ఇరానీ హోటల్ కంటె అనువైన చోటు మరొకటి లేదని మా అభిప్రాయం. తరగతులు ముగిసిన వెంటనే మనలో పలువురు చేరుకునేది అక్కడికే కదా!

పందొమ్మిదవ శతాబ్దం చివర, ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్లలో ఇరాన్ దేశపు యజ్ద్, కెర్మాన్ మొదలైన ప్రాంతాల నుండి అనేకులు బ్రతుకుదెరువు కోసం బొంబాయికి వచ్చారు. వారిలో జొరాస్ట్రియనులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. బొంబాయి, పూనా నగరాలలో వారు చాయ్ దుకాణాలు తెరిచారు. కొందరు నిజాం రాజధానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. చలువరాతి పలక పరచిన బల్ల, దాని చుట్టూ నాలుగు కుర్చీలు, గోడకు నిలువుటద్దం - ఇంతే ఆ హోటళ్ల అలంకారం. ఒక్క కప్పు చాయ్ తాగినవాడు గంటసేపు కూర్చున్నా లెమ్మనే వారు లేరు. ఆ కాలంలో రైల్వే స్టేషన్లలో హిందువులకు వేరుగా, ముస్లిములకు వేరుగా మంచినీళ్లు ఇచ్చేవారు. భోజన హోటళ్లలో కులాన్ని బట్టి వేరు పంక్తులు వేసిన ఊళ్లు కూడా ఉన్నాయి. అటువంటి రోజులలో ఎవరి పక్కన ఎవరైనా కూర్చోగలిగిన బల్ల ఒకటి దొరకడం సామాన్యమైన విషయం కాదు.

ఇక పాఠానికి వద్దాము. ముందుగా చాయ్ సంగతి. ఇరానీ చాయ్‌లో డికాక్షన్ వేరు, పాలు వేరు. మూత బిగించిన పాత్రలో తేయాకు నీరు సన్నని సెగ మీద చాలాసేపు మగ్గుతుంది. మరొక పాత్రలో పాలు చిక్కబడే వరకు మరుగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే. కప్పులోకి ముక్కాలు భాగమే కోరుకునేవారు 'పౌనా' అంటారు. మన 'ముక్కాలు', వారి 'పౌనా' ఒకే లెక్క.

కోస్తా జిల్లాల నుండి వచ్చిన విద్యార్థి 'టీ' అంటాడు; తెలంగాణ విద్యార్థి 'చాయ్' అంటాడు. ఏది సరియైనదని మమ్మల్ని అడిగినవారు ఉన్నారు. రెండు మాటలకూ పుట్టిల్లు చైనా దేశమే. ఆ దేశపు ఒక మాండలికంలో ఆ పానీయం పేరు 'తే'. సముద్రమార్గంలో వర్తకం చేసిన డచ్చివారు ఆ పేరును ఐరోపాకు మోసుకుపోగా, అది ఇంగ్లీషు వారి 'టీ' అయినది. చైనాలోని ఇతర ప్రాంతాలలో దానిని 'చా' అంటారు. అది భూమార్గాన పారసీక దేశం చేరి 'చాయ్' అయినది. మనం అచ్చ తెలుగని భావించే 'తేయాకు', 'తేనీరు' అనే మాటలలో కూడా ఆ 'తే' దాగి ఉన్నది. కనుక ఒకరిని చూసి మరొకరు నవ్వవలసిన పని లేదు.

చాయ్ వెంట పళ్లెంలో వచ్చే సమోసా పేరు పారసీక భాషలోని 'సంబోసగ్' నుండి వచ్చినది. పద్నాలుగవ శతాబ్దంలో ఢిల్లీ సుల్తానుల కొలువును చూసిన యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ వంటకాన్ని ప్రస్తావించాడు. నాటి సమోసాలో కైమా, బాదం పప్పు, పిస్తా ఉండేవి; నేటి మన చిన్న సమోసాలో ఉల్లిపాయ చేరినది. చతురస్రంగా ఉండే 'లుఖ్మీ' అరబ్బీ 'లుఖ్మా' నుండి పుట్టినది; దాని అర్థం కబళం, అనగా ముద్ద. తెల్లవారుజామున దొరికే 'నహారీ' పేరులో అరబ్బీ 'నహార్' ఉన్నది. దాని అర్థం పగలు. 'పాయా' అంటే పాదం. వేయించుటకు సంబంధించిన పారసీక పదమే 'బిర్యానీ' అయినది.

అయితే బిర్యానీ పక్కన వచ్చే మిర్చీ కా సాలన్‌ను గమనించండి. పేరు ఉర్దూ పేరే. అందులోని నువ్వులు, పల్లీలు, చింతపండు పులుసు మన తెలుగువారి వంటింటివి. ఆ పల్లీలు, మిరపకాయలు పోర్చుగీసువారి రాక తరువాతనే అమెరికా ఖండం నుండి మన దేశానికి వచ్చాయి. చింతపండును అరబ్బులు 'తమ్రెహిందీ' అన్నారు. 'హిందూ దేశపు ఖర్జూరం' అని దాని భావం. ఒక్క గిన్నెలో ఇన్ని దేశాలు ఉన్నాయి. ఇది మాది, అది మీది అని విడదీయబోతే చివరకు గిన్నె మాత్రమే మిగులుతుంది.

వంటకాల పేర్లను మించిన విశేషం వాటిని అడిగే వాక్యాలలో ఉన్నది. కొంతకాలం క్రితం ఉర్దూ విభాగపు విద్యార్థి ఒకడు మాతో, "సార్, మేము మాట్లాడేది తప్పు ఉర్దూ అట" అని బాధపడ్డాడు. పరాయి ఊరిలో జరిగిన వక్తృత్వ పోటీ తరువాత, క్యాంటీనులో "మేరేకు చాయ్ హోనా" అన్నందుకు తోటివారు ఘొల్లున నవ్వారట. 'ముఝే చాయ్ చాహియే' అనవలెనని దిద్దారట. ఆ తరువాత అతడు ఎవరి ముందరా నోరు విప్పడానికి ఇష్టపడలేదు. మేము అతనిని, మహబూబ్‌నగర్ జిల్లా నుండి వచ్చిన తెలుగు విభాగపు విద్యార్థిని వెంటబెట్టుకొని ఇరానీ హోటల్‌కు వెళ్లి ఒకే బల్ల వద్ద కూర్చున్నాము.

"నాకు చాయ్ కావాలి" అన్నాడు తెలుగు విద్యార్థి. 'కావాలి' అనే మాటకు పూర్వరూపం 'కావలెను'. అందులో ఉన్నది 'అగు' ధాతువే. 'హోనా' అన్నా అగుటయే. "మేరేకు చాయ్ హోనా", "నాకు చాయ్ కావాలి" - ఈ రెండింటికీ అచ్చు ఒక్కటే. ఇంకొక ఉదాహరణ చెప్పాము. "ఆతూఁ బోల్కే బోల్యా" అనే దక్కనీ వాక్యాన్ని మాటకు మాటగా మార్చితే "వస్తాను అని చెప్పాడు" అవుతుంది. ఢిల్లీ ఉర్దూలో 'చెప్పాడు' ముందు వస్తుంది, చెప్పిన విషయం తరువాత వస్తుంది. దక్కనీలో మన తెలుగు వరుసయే ఉన్నది. మన 'అని' చేసే పనిని అక్కడ 'బోల్కే' చేస్తున్నది. ఇది ద్రావిడ భాషల ప్రభావమని భాషాశాస్త్రజ్ఞులు గుర్తించారు. "నీ మాట తప్పు కాదు నాయనా, అది ఈ నేల మాట" అని మేము అన్నప్పుడు ఆ విద్యార్థి ముఖంలో కనిపించిన వెలుగు మాకు ఈనాటికీ జ్ఞాపకం ఉన్నది.

ఋణం ఒక వైపే లేదు. ఆనాడు లేచి డబ్బు చెల్లిస్తూ మనం పలికిన మాటలను చూడండి. ఉర్దూలో 'ఖరీద్' అంటే కొనుట. తెలుగులో 'ఖరీదు' అంటే ధర. 'బాఖీ' అంటే అక్కడ మిగిలినది. తెలుగు 'బాకీ' తీర్చవలసిన అప్పు. 'ఖర్చు' మాత్రం రెండు చోట్లా ఖర్చే! తెలుగు ఉర్దూ నుండి మాటలను తీసుకొన్నది; దక్కనీ ఉర్దూ తెలుగు నుండి వాక్యపు పోకడను తీసుకొన్నది. ఇరుగుపొరుగు ఇండ్లవారు చేబదులు తీసుకొన్నట్లే ఇది కూడ.

హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2019లో యునెస్కో మన నగరాన్ని పాకశాస్త్ర సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చినది. ఇవి సంతోషించదగిన విషయాలే. కాని ఇదే కాలంలో పాత ఇరానీ హోటళ్లు అనేకం మూతపడ్డాయి. స్థలాల ధరలు పెరిగాయి. వారసులు ఇతర వృత్తులకు మళ్లారు. కొత్త దుకాణాలలో చాయ్ దొరుకుతున్నది గాని, గంటసేపు కూర్చోనిచ్చే బల్ల దొరకడం లేదు. వంటకానికి గుర్తింపు వచ్చి, దానిని కలిసి తినే చోటు పోతే మనకు మిగిలేది సగం లాభమే.

మన కళాశాలలోనే తెలుగు విభాగం వారు ఒక బల్ల వద్ద, ఉర్దూ విభాగం వారు మరొక బల్ల వద్ద కూర్చోవడం మేము గమనిస్తూనే ఉన్నాము. ఇందులో ద్వేషం లేదు. అలవాటు మాత్రమే ఉన్నది. అలవాటును మార్చుకోవడం కష్టం కాదు. ఈ సంవత్సరం ప్రతి విద్యార్థీ రెండవ విభాగపు మిత్రుని ఒకరిని వెంటబెట్టుకొని వెళ్లాలని మా కోరిక. ఇంతవరకు తినని వంటకం ఒకటి తెప్పించుకోండి. మాంసం ముట్టని మిత్రునికి ఉస్మానియా బిస్కెట్టు, ఖుబానీ కా మీఠా ఉండనే ఉన్నాయి. దాని పేరు అడగండి, అర్థం అడగండి, మీ ఇంట్లో దానిని ఏమంటారో చెప్పండి. ఆ మాటలను ఒక పుస్తకంలో వ్రాసుకోండి. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ఒక చాయ్‌నే 'వన్ బై టూ' చేయించుకోండి. ఒకరు కప్పులో, ఒకరు సాసరులో తాగినా రుచిలో భేదం ఉండదు.